నలభై ఒకటో నిమిషం

షాపు నుంచి
జూన్ 2, మంగళవారం. మబ్బు. గాలి లేదు. పొద్దున షట్టరు పట్టాలకు గ్రీజు పెట్టాను.

చిరంజీవి డైరెక్టరుకు బావ దీవెనలు.

మీరంతా సర్దుకుని వెళ్లి ఎనిమిది రోజులైంది. మీ వాహనం ఇంకా షాపు ముందు భాగంలోనే ఉంది. రెండు వాషింగ్ మెషీన్ల డ్రమ్ములు, ఒక పాత గీజరు తొడుగు కలిపి బిగించింది నేనే అయినా దాన్ని దాటి బల్ల దగ్గరికి వెళ్లడం ఇంకా అలవాటు కాలేదు. మోకాలికి రెండుసార్లు తగిలింది.

ఇదేమిటని అడిగినవాళ్లకు ఒకటే చెబుతున్నాను. వేరే గ్రహం నుంచి దిగినవాళ్లు చెడిపోయిన వాహనాన్ని నాకు రిపేరుకు ఇచ్చారట, అది నిజంగా జరిగినట్టు మా బావమరిది డాక్యుమెంటరీ తీశాడట, తీరా అది నవ్వుకోవడానికి తీసిన సినిమా అట. మూడో 'అట' దగ్గరికి వచ్చేసరికి వాళ్లు తమ మిక్సీ సంగతి ఎత్తుతున్నారు. నిన్న ఒక పెద్దావిడ మాత్రం ఫ్యాను ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. "ముందొచ్చింది వాళ్లు కదా నాయనా, వాళ్లదే చూడు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు" అంది. అది సినిమా కోసమమ్మా అంటే, "సినిమావాళ్లయితే మాత్రం, పాపం ఆగుతారా?" అంది. ఆవిడ వెళ్లేదాకా వాహనానికి రెండు స్క్రూలు బిగించాల్సి వచ్చింది.

మీ అక్క ముళ్లూ అంకెలూ తనే గీసిన మీటర్ల పలకను వాహనం నుంచి ఊడదీసి లోపల గోడకు పెట్టుకుంది. మీరున్న పదకొండు రోజులూ ఆమె నాకంటే ముందు లేచింది. ఇప్పుడు మళ్లీ మామూలే. నేను మోటారుకు రాగి తీగ చుట్టేటప్పుడు మాట్లాడితే చుట్ల లెక్క పోతుంది కాబట్టి, చెప్పాల్సింది చిన్న రాతపలక మీద రాసి తలుపు దగ్గర నిలబడుతుంది. ఈరోజు "పాలు విరిగాయి" అని రాసి చూపించింది.

ఒక చిన్న మాట. ఆఖరి రోజు, సినిమాలో నేను వాహనం నట్టు దాచిన సంగతి అడుగుతూ నా చేత ఒక ముక్క మాట్లాడించావు కదా. అది వాడకు. చొక్కా కాలరు మడత పడి ఉంది.

మీ బావ


ఎడిటింగ్ గది నుంచి
జూన్ 10

రిపేరు నిపుణుడు బావకి,

ఫోన్ చేస్తే "ఊఁ", "సరే", "అక్కకిస్తా" తప్ప నాలుగో మాట రాని మనిషివి, ఉత్తరంలో మాత్రం పేజీ నింపేశావు. అందుకే నేనూ కాగితం పట్టుకున్నా. అక్క వెనక గదిలోంచి అన్నీ వింటుందని నీకు భయమా ఏంటి?

ఇక్కడ నా బతుకు చెప్తా విను. పెళ్లి వీడియోలు చేసే ఆయన గదిలో మూలన కూర్చోనిచ్చాడు. కిటికీ లేదు. ఆయన పక్కన అప్పగింతలు కత్తిరిస్తుంటాడు, నేను గ్రహాంతరవాసుల్ని. ఆయన ఏడుపులు నా సినిమాలోకీ, నా గీజరు చప్పుడు ఆయన పెళ్లిలోకీ వినబడుతున్నాయి. అరవై ఒక్క గంటల ఫుటేజీ. పొడుగుగాడి నెత్తిన లాంప్ తొడుగు పెట్టి గ్రహాంతరవాసి అంటే తీసేటప్పుడు నవ్వొచ్చింది, నలభైసార్లు చూశాక లాంప్ తొడుగే కనిపిస్తోంది. ఒళ్లంతా అలిసిపోయింది బావా. నవ్వించే సినిమా చేస్తూ నవ్వి రెండు వారాలైంది.

అలుపు మరిచిపోయేది ఒక్క చోటే. నువ్వు వద్దంటున్న ముక్కే అది! నలభై ఒకటో నిమిషం. నేను రాసిచ్చింది ఒక్క లైను: "వాళ్లు వెళ్లిపోతారని దాచాను." మిగతాది నీకు తోచింది చెప్పమన్నా. నువ్వేం చెప్పావో నీకు గుర్తుందో లేదో, చూసి రాసి పంపుతున్నా.

ప్రశ్న: వాహనం బాగైంది. అయినా వాళ్లు బయల్దేరలేకపోతున్నారు. ఆ ఇత్తడి నట్టు మీరే దాచారా?

నువ్వు: దాచాను.

ప్రశ్న: ఎందుకు?

నువ్వు: ఇది మొదటిసారి కాదు. ఒకసారి మా ఆవిడ పేరున ఒక కవరు వచ్చింది. నక్షాలు గీసే ఆఫీసులో శిక్షణకు రమ్మని. వేరే ఊరు, పదకొండు నెలలు. పోస్టుమాన్ నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. చదివి మోటారు కింద పెట్టాను. ఆవిడ లోపలి నుంచి వచ్చి, నాకేమైనా వచ్చిందా అంది. చుట్టేటప్పుడు నేను మాట్లాడను, లెక్కలో ఉన్నానని వేలు ఎత్తుతాను. ఎత్తాను. ఆవిడ వెళ్లిపోయింది. నేను లెక్కలో లేను. ఆ మోటారు చుట్టడం అరగంట ముందే అయిపోయింది.

ప్రశ్న: తరవాత?

నువ్వు: ఆవిడ మళ్లీ అడగలేదు. నేను చెప్పలేదు. వాళ్లు వెళ్లిపోతే షాపు ఖాళీ అవుతుంది. అంతే.

బావా, ఎక్కణ్ణించి పుట్టింది ఈ కథ? కన్నార్పకుండా చెప్పావు! ఈ సినిమాలో అందరూ అబద్ధాన్ని నిజంలా చెప్పాలని పదకొండు రోజులు నెత్తీ నోరూ కొట్టుకున్నా, ఒక్క నీకే వచ్చింది. పొడుగుగాడు లాంప్ తొడుగు తీసి కళ్లు తుడుచుకున్నాడు. కాలరు ఎవడు చూస్తాడు, నీ మొహం చూస్తారు గానీ.

అసలు వార్త. చిన్న సినిమాల పోటీలో మనదాన్ని తీసుకున్నారు. జూలై ఇరవై అయిదుకల్లా పూర్తి చేసి ఇవ్వాలి. ఆగస్టు ఎనిమిదిన ప్రదర్శన. నీకూ అక్కకూ రెండు టిక్కెట్లు ఇందులో పెడుతున్నా. మూడో వరస.

నీ డైరెక్టరు


షాపు నుంచి
జూన్ 18, గురువారం. పొద్దున జల్లు, తరవాత ఎండ. ఇంటి వెనక కుళాయి వాషరు మార్చాను.

చిరంజీవి డైరెక్టరుకు,

టిక్కెట్లు అందాయి. మీ అక్కకు చూపించాను. ఉత్తరంలో ఏం రాశాడని అడిగితే, పనెక్కువై అలిసిపోయాడట అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె టిక్కెట్లను మీటర్ల పలక మూలన గుచ్చింది. "తెర మీద నా అంకెలు కనిపిస్తాయా? మనుషుల వెనక పడి మసకేస్తాయా?" అని రెండుసార్లు అడిగింది. కనిపిస్తాయన్నాను. మూడో వరస మరీ దగ్గరేమో, మెడ నొప్పి పెడుతుందేమో అని కూడా అంది. వెళ్లడం ఖాయమైనవాళ్లే అలాంటివి అడుగుతారు.

నలభై ఒకటో నిమిషం సంగతి. కాలరు ఒక్కటే కాదు. వెనక గోడ పెచ్చులు ఊడి ఉంది. నా గొంతు కూడా ఆ రోజు బాగాలేదు. నువ్వు రాసిచ్చిన లైను ఒక్కటి మళ్లీ తీసుకుందాం. నేనే అక్కడికి వస్తాను. రెండు రోజులు షాపు మూసినా పరవాలేదు.

ఇరవై ఆరేళ్లుగా రోజూ రాసుకునే పుస్తకంలో షాపు మూసిన రోజులు పదకొండో పన్నెండో ఉంటాయి. అందులో రెండు చేరతాయి. అందుకోసం మొహమాటపడకు.

మీ బావ


ఎడిటింగ్ గది నుంచి
జూన్ 25

బావా,

కాలరు. గోడ. గొంతు. ఇంకేం మిగిలాయి, చెవులా?

విసుక్కుంటున్నానని అనుకోకు. విసుక్కుంటున్నాను గానీ నీ మీద కాదు. ఏడుగురికి సినిమా చూపించా. మొదటి నలభై నిమిషాలూ మర్యాదకి నవ్వారు. "పోయిన నెలేగా బాగుచేశారు, మళ్లీ అదే చప్పుడు" అని పొడుగుగాడు నీతో గొడవ పడేచోట కాస్త గట్టిగా నవ్వారు. నలభై ఒకటో నిమిషంలో గది చల్లబడిపోయింది. ఆ తరవాత వాహనం ఎగరబోయి కిందపడితే మళ్లీ నవ్వారు చూడు, అది వేరే నవ్వు. అంతకుముందు బొమ్మని చూసి నవ్వారు, ఇప్పుడు మనిషి కోసం నవ్వారు.

నాకు ముప్ఫై ఒక్కేళ్లు వచ్చాయి. తొమ్మిదేళ్లుగా "ఏం చేస్తున్నావు" అన్నవాళ్లకి "ఒకటి నడుస్తోంది" అని చెప్తూ తిరుగుతున్నా. నడిచింది ఇదొక్కటే. అందులో మనిషిలా ఊపిరి పీల్చేది ఆ ఒక్క నిమిషమే. అది తీసేస్తే మిగిలేది రెండు డ్రమ్ములూ ఒక గీజరూ. వాటిని నీ షాపులోనే ఉచితంగా చూడొచ్చు.

పైగా మళ్లీ తీస్తే రాదు. నువ్వు నటించవు, నాకు తెలుసు. ఆ రోజు ఎలా వచ్చిందో అలా వచ్చింది.

మూడు కారణాలూ పక్కనపెట్టు. నాలుగోది ఉంటే రాయి. లేకపోతే అది ఉంటుంది.

డైరెక్టరు


షాపు నుంచి
జూలై 1, బుధవారం. వాన. బల్ల సొరుగు సర్దాను.

చిరంజీవికి,

నాలుగో కారణం అడిగావు.

అది కథ కాదు.

పందొమ్మిదేళ్ల కిందట, మా పెళ్లయిన రెండో ఏడు జరిగింది. కవరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సొరుగు అడుగున పరిచిన కాగితం కింద. ఆ రోజు నా పుస్తకంలో "గురువారం. ఎండ. రెండు ఫ్యాను మోటార్లు చుట్టాను" అని రాసుకున్నాను. కవరు గురించి రాయలేదు. రోజూ రాసుకునేవాణ్ణి కాబట్టి నిజం రాసే మనిషిననుకుంటారు చూసినవాళ్లు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఎందుకు చేశానని అడుగుతావు. ఒక్కణ్ణీ ఉండలేననిపించింది. అంతకంటే పెద్ద కారణం కోసం చాలాకాలం వెతికాను. దొరకలేదు.

కెమెరా ముందు ఎందుకు చెప్పానో కూడా చెబుతాను. పదకొండు రోజులూ అక్కడ చెప్పిందేదీ నిజం కాదు. అందులో ఇది కలిసిపోతుందనుకున్నాను. మీ అక్క అప్పుడు బజారుకు వెళ్లింది. చెప్పాక రెండు రోజులు బాగా నిద్ర పట్టింది. తరవాత నువ్వు కత్తిరించి అతికించే పని మొదలుపెట్టావని గుర్తొచ్చింది.

ఆమెకు తెలియదు. తెర మీద చూస్తే మొదటి మాటకే తెలుస్తుంది. దయచేసి తీసెయ్యి.

మీ బావ


ఎడిటింగ్ గది నుంచి
జూలై 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అంది ఐదు రోజులైంది. జవాబు రాయడం కుదరలేదని రాయను. కుదిరింది, రాయలేదు.

నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ ఏడు అక్క మా ఇంటికొచ్చి వారం రోజులుంది. నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఇల్లు గడవడం కష్టంగా ఉందేమోనని మా అమ్మ, ఒంట్లో బాగాలేదేమోనని మా నాన్న అనుకున్నారు. "మా ఆయన మంచోడే, నాకే రాలేదు" అంది అక్క. ఏం రాలేదో మాకు చెప్పలేదు. వెళ్లేరోజు తన గీత పెన్నుల పెట్టె నాకిచ్చేసింది. ఇంక నాకు అక్కర్లేదురా, నువ్వు బొమ్మలు వేసుకో అంది. ఆ పెట్టెతోనే నేను బొమ్మలు వేశాను. ఆ బొమ్మలు చూసే మా మాస్టారు నన్ను సినిమా కోర్సులో చేరమన్నారు. మీరు ఆ కవరు ఇచ్చి ఉంటే ఆ పెట్టె నాకు వచ్చేది కాదు. ఈ సంగతి ఐదు రోజులుగా మింగుడు పడటం లేదు. మీ మీద కోపం తెచ్చుకోబోతే ఆ పెట్టె అడ్డమొస్తోంది. అయినా కోపం ఉంది.

ఆ ముక్క తీసెయ్యడానికి రెండు సెకన్లు పడుతుంది. చేయి రెండుసార్లు మీట మీద పెట్టి తీశాను. తీసేస్తే మీరు దాచినదాన్ని నేను దాచినట్టు. ఉంచితే మా అక్కని మూడో వరసలో కూర్చోబెట్టి, నలుగురి మధ్య నేనే కొట్టినట్టు. రెండూ నాకు చేతకావు.

అది అక్కది. ఉంచాలో తీయాలో అక్క చెప్తుంది. మీరూ కాదు, నేనూ కాదు. ఇరవయ్యో తారీకులోపు మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే ఇరవై ఒకటిన నేనొచ్చి చెప్తాను. నా నోటితో వినడం ఆమెకి ఇంకా చెడ్డది. అది మీకూ తెలుసు.

ఇట్లు


షాపు నుంచి
జూలై 18, శనివారం. తెరిపి. పొద్దున నీళ్ల డ్రమ్ము కడిగి తిరగేశాను.

చిరంజీవికి,

చెప్పాను. సోమవారం మధ్యాహ్నం. షట్టరు సగానికి దించాను. మీ అక్క లోపల బట్టలు మడత పెడుతోంది. కవరు ఆమె చేతికిచ్చాను. మాటలు ముందే అనుకుని పెట్టుకున్నాను గానీ వాడలేదు. ఆమె చదివింది. వెనక్కి తిప్పి పోస్టు ముద్ర చూసింది. మళ్లీ చదివింది.

"చేరాల్సింది పదమూడో తారీకు" అంది. "నేను నెలాఖరుదాకా చూశాను."

నేను తలుపు పక్కన కింద కూర్చున్నాను.

"ఎందుకు?"

"ఒక్కణ్ణీ ఉండలేననిపించింది."

"పదకొండు నెలలు."

"అవును."

"పదకొండు నెలలు ఉండలేక పందొమ్మిదేళ్లు తీసుకున్నారా?" అంది. గొంతు పెంచలేదు. కవరు పక్కన పెట్టి మిగిలిన బట్టలు మడిచింది. నా చొక్కాలు కూడా మడిచింది.

మంగళ, బుధవారాలు ఇంట్లో మాట లేదు. పనులన్నీ జరిగాయి. అది ఇంకా కష్టంగా ఉంది. గురువారం నేను పంపు మోటారు చుడుతుంటే లోపలి నుంచి వచ్చింది. రాతపలక తేలేదు. నేరుగా మాట్లాడింది. తొంభై ఆరో చుట్టు దగ్గర లెక్క పోయింది. తీగ వదిలేశాను.

"తమ్ముడికి తెలుసా?"

తెలుసన్నాను. సినిమా సంగతీ, నలభై ఒకటో నిమిషం సంగతీ అప్పుడు చెప్పాను. నువ్వు రాసి పంపిన ప్రశ్నలూ జవాబులూ ఇచ్చాను. నీ ఉత్తరాలన్నీ అడిగింది, అవీ ఇచ్చాను. స్టూలు మీద కూర్చుని, వాహనానికి మోచెయ్యి ఆనించి చదివింది. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఒకతను ఇస్త్రీ పెట్టె పట్టుకుని వచ్చాడు. "ఈరోజు లేదు బాబూ" అని మీ అక్కే పంపేసింది.

అన్నీ చదివి, "పందొమ్మిదేళ్లు ఎదురుగా నేనుంటే నాకు చెప్పలేదు. కెమెరాకి చెప్పారు" అంది.

"అది సినిమా కదా అని..."

"నాకు అర్థమైంది లెండి. సినిమా కాబట్టే చెప్పారు." ప్రశ్నల కాగితం మళ్లీ పైకి తీసి, "బాగా చెప్పారటగా. పొడుగబ్బాయి ఏడ్చాడట" అంది. ఎత్తిపొడుపో కాదో తెలియలేదు. తరవాత కాగితాలు దొంతర పెట్టి, ఒక్కో వాక్యం ఆగి ఆగి చెప్పింది. నేను ఆ సాయంత్రమే పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి తప్పు పోదు.

"అది తీయొద్దని చెప్పండి. వాడి తొమ్మిదేళ్లు కూడా మీ సొరుగులో పెట్టడం నాకిష్టం లేదు. కానీ డాక్యుమెంటరీ అంటున్నారు కదా. ఒక మనిషి చెప్పింది విని ఊరుకుంటారా? రెండో మనిషిని అడగరా? నన్ను అడగమనండి. నేను చెప్పేది నలభై రెండో నిమిషంలో పెట్టమనండి."

"ఏం చెబుతావు?" అన్నాను.

"మీరు నాకు చెప్పి కెమెరాకి చెప్పారా?" అంది.

నిన్న సంచీ సర్దుకుంది. షాపులో తీయొచ్చు కదా, వాణ్ణే రమ్మంటాను అన్నాను. ఇక్కడ వద్దంది. "నేను ఎక్కడికైనా వెళ్లి మాట్లాడాలి" అంది. మూడు చీరలు పెట్టుకుంది, తరవాత ఇంకో మూడు పెట్టింది. మీటర్ల పలక తీసుకెళ్లలేదు. పొయ్యి మీద ఏది ఎక్కడుందో, గ్యాసు మీట ఎటు తిప్పితే ఆగుతుందో చెప్పింది. నాకు తెలుసని అనలేదు. చెబుతుంటే విన్నాను.

ఈ పొద్దున ఆరున్నర బస్సుకు వెళ్లింది. నేనూ స్టాండుదాకా వెళ్లాను. సంచీ పట్టుకోబోతే ఇవ్వలేదు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎప్పుడొస్తావని అడగడానికి నాకు హక్కుందో లేదో తేల్చుకునేలోపు బస్సు కదిలింది. ఆమె నా వంక చూసింది, చెయ్యి ఊపలేదు. టిక్కెట్టు ఒకవైపుకే తీసుకుంది. ఆ బస్సులకు రెండువైపులా ముందే ఇవ్వరని కండక్టరు వేరే ఎవరితోనో అంటుంటే విన్నాను. అది నిజమో కాదో ఇంకొకర్ని అడగలేదు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆమె నీ గదిలో కూర్చుని చెప్పాల్సింది చెప్పేసి ఉంటుంది. ఏం చెప్పిందో నాకు రాయకు. ఆగస్టు ఎనిమిదిన మూడో వరసలో నా సీటు ఉంచు. నేను వస్తాను. పక్క సీటు ఆమెది. కూర్చుంటుందో వేరేచోటికి మారుతుందో ఆమె ఇష్టం. నలుగురితోపాటే వింటాను. నలభై ఒకటో నిమిషంలో లేచి బయటికి వెళ్లను, దానికి మాట ఇస్తున్నాను.

అక్కడ ఆమెకు కిటికీ ఉన్న గది చూడు. పెళ్లి వీడియోల ఆయన్ని ఆ గంటసేపు చప్పుడు ఆపమను.

స్టాండు నుంచి నడిచే వచ్చాను. షట్టరు పూర్తిగా ఎత్తాను. ఫ్యాను పెద్దావిడ వచ్చింది. వాళ్ల వాహనం ఇంకా బాగవలేదా నాయనా అంది. కాలేదమ్మా అన్నాను. మీ ఆవిడేదీ అంది. ఊరికి వెళ్లిందన్నాను. పుట్టింటికని కాకుండా అలా అనడం ఇదే మొదటిసారి. పదకొండింటికి గురువారం వదిలేసిన పంపు మోటారు ముందు పెట్టుకున్నాను. మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి లెక్క పోలేదు, ఒంటిగంటకల్లా అయిపోయింది. చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి, ఆమె చెప్పినట్టే గ్యాసు మీట తిప్పి, గిన్నెలో ఒక్కడికి సరిపడా బియ్యం పొయ్యి మీద పెట్టాను.

మీ బావ